బాపు కోసం బుల్లి కెమెరా!

ఆ మధ్య ఓ ఆదివారం పొద్దున్నే బెల్లంపల్లి నుంచి ఫోన్. చేసింది మా పెద్దబాపు కొడుకు.

"అన్నా, బాపు వచ్చే నెల రిటైర్ అయితుండు. ఓ చిన్న డిజిటల్ కెమెరా కొందామనుకుంటున్న. ఎక్కువ పైసలు పెట్టలేను. ఏది తీసుకోవాలె?"

నాకు నవ్వొచ్చింది. "చేతిలో ఫోన్ పెట్టుకుని మళ్లీ కెమెరా ఎందుకురా తమ్మీ?" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

"బిడ్డ పుట్టినప్పటి ఫొటోలన్నీ ఫోన్లనే ఉండె. అది నీళ్లల్ల పడ్డది. ఒక్కటి గూడ మిగల్లే. బాపు ఫొటోలు గట్ల పోవద్దన్నా."

ఇక నవ్వలేకపోయాను. ఎందుకంటే, పెద్దబాపు ఒక్కడే ఉన్న ఫొటో మా ఇళ్లలో ఎక్కడా లేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్ పాస్‌పోర్ట్ ఫొటో తప్ప. పెళ్లిళ్లలో ఉన్నాడంటే ఉన్నాడు... వెనక వరసలో, సగం ముఖంతో! మూడు షిఫ్టుల బతుకు. మేం లేచేసరికి బాయికి పోయేవాడు, లేదంటే రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకుని ఉండేవాడు. పోనీ పని చేసేచోట ఎవరైనా తీశారా అంటే అదీ కుదరదు. భూగర్భ గనిలో మీథేన్ వాయువు భయం. అందుకే అగ్గిపెట్టె, బీడీలతో పాటు మామూలు బ్యాటరీ పరికరాలనూ లోపలికి రానివ్వరు. తలమీద టోపీకి దీపం తగిలించుకుని దశాబ్దాల పాటు దిగి ఎక్కిన మనిషికి, ఆ దీపంతో ఒక్క ఫొటో కూడా లేదు. బెల్లంపల్లిలో ఇలాంటి ఇళ్లు ఎన్నో!

ఫోన్ చాలదా?

నిజం చెప్పుకోవాలంటే చాలా సందర్భాల్లో చాలు. మసక వెలుతురులో ఇప్పటి మంచి ఫోన్లు తీసినంత బాగా చవక కెమెరాలు తీయలేవు. ఫోన్ వరసగా కొన్ని ఫొటోలు తీసి, వాటిని కలిపి ఒక్కటిగా చేస్తుంది. చిన్న కెమెరాల్లో ఎక్కువ వాటికి ఆ తెలివి లేదు.

మరి కెమెరా ఎందుకు? మూడు కారణాలున్నాయి. ఒకటి... నిజమైన జూమ్. సన్మాన సభలో వేదిక మీదున్న మనిషి ముఖాన్ని వెనక కుర్చీలోంచి అందుకోవచ్చు. రెండు... అసలైన ఫ్లాష్. ఫోన్‌లో ఉండేది చిన్న ఎల్‌ఈడీ దీపం. కెమెరాలో ఉండేది జినాన్ ఫ్లాష్. రెప్పపాటులో మెరిసి ముఖాన్ని స్పష్టంగా పట్టేస్తుంది. మూడు... కార్డు బయటికొస్తుంది. తీసుకెళ్లి స్టూడియోలో ఇస్తే ప్రింట్లు చేతికొస్తాయి. పైగా ఫొటో తీస్తుండగా ఎవరూ ఫోన్ చేయరు!

కొడాక్ ఇంజినీర్ స్టీవెన్ సాసన్ 1975లో తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా బరువు మూడున్నర కిలోల పైమాటే. అది తీసిన బొమ్మలో చుక్కలు పది వేలు మాత్రమే. ఆ ఒక్క బొమ్మను క్యాసెట్‌లోకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఫిల్మ్ మీద బతికిన ఆ కంపెనీయే 2012లో దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. 2010లో ప్రపంచమంతటా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్‌కు చేరితే, 2023 నాటికి అవి 80 లక్షల లోపుకు పడిపోయాయి. ఫోన్ల దెబ్బకు చవక మోడళ్లను కంపెనీలు ఒక్కొక్కటిగా ఆపేశాయి. అందుకే కొత్తవి తక్కువ, పాతవాటికి గిరాకీ ఎక్కువ. కుర్రకారు ఈ పాత కెమెరాల కోసం మళ్లీ వెతుకుతున్నారు కూడా.

అంకెల మాయలో పడొద్దు

తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్న, అందరూ అడిగేదే. "ఎన్ని మెగాపిక్సెల్స్ ఉండాలె?"

లెక్క చాలా తేలిక. స్టూడియోలో అడిగే మామూలు ఫొటో సైజు 4x6 అంగుళాలు. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే 1200x1800... సుమారు 22 లక్షల చుక్కలు. రెండు మెగాపిక్సెల్స్ పైచిలుకు, అంతే! గోడకు తగిలించే 8x12 సైజుకైనా తొమ్మిది లోపే సరిపోతాయి. కాబట్టి ఎనిమిది నుంచి పన్నెండు ఉన్న పాత కెమెరా ఇంటి అవసరాలకు దండిగా చాలు.

అసలు చూడాల్సింది చుక్కల్ని కాదు, వెలుతురును పట్టుకునే సెన్సర్‌ని. చాలా చిన్న కెమెరాల్లో అది చిటికెన వేలి గోరంతే ఉంటుంది. అంత చోటులో మరీ ఎక్కువ చుక్కలు ఇరికిస్తే ఒక్కోదానికి అందే వెలుతురు తగ్గుతుంది. చీకట్లో ఫొటో గరుకుగా వస్తుంది. పేరు తెలియని కంపెనీ చవకలో 48 మెగాపిక్సెల్స్ అంటే వెంటనే మురిసిపోకండి. కొన్నిటిలో లేని చుక్కల్ని సాఫ్ట్‌వేరే కల్పించి అంకె పెంచుతుంది.

జూమ్ సంగతీ అంతే. ఆప్టికల్ జూమ్ ఎంతో అడగండి. డిజిటల్ జూమ్ అంటే ఉన్న బొమ్మను కత్తిరించి సాగదీయడమే.

పాతది కొంటుంటే...

మావాడు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వచ్చాడు. ఇద్దరం కోఠికి వెళ్లాం. దుకాణంలో వాడికి చెప్పిన జాగ్రత్తలే మీకూ చెబుతున్నాను.

* ముందు కార్డు సంగతి తేల్చుకోండి. ఎస్డీ కార్డు పట్టేదైతే మేలు. ఒకప్పటి సోనీ కెమెరాలకు మెమరీ స్టిక్, ఒలింపస్, ఫ్యూజీల్లో కొన్నిటికి ఎక్స్‌డీ కార్డు కావాలి. అవి దొరకడం కష్టం. మరీ పాత కెమెరాలు రెండు జీబీ దాటిన కార్డును గుర్తించవు.

* బ్యాటరీ చూడండి. ఉబ్బిన లిథియం బ్యాటరీ అసలు తీసుకోవద్దు. కానన్ పవర్‌షాట్ ఏ-సిరీస్, నికాన్ కూల్‌పిక్స్ ఎల్-సిరీస్‌లలో చాలా మోడళ్లు మామూలు ఏఏ సెల్స్‌తో నడుస్తాయి. ఊళ్లో ఎక్కడైనా దొరుకుతాయి. రీఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వాడితే ఖర్చు కలిసొస్తుంది.

* నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ చేయండి. లెన్స్ కరకరమనకుండా బయటికొచ్చి లోపలికి పోవాలి.

* తెల్ల గోడను ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. మచ్చలు కనిపిస్తే లోపల దుమ్మో బూజో చేరినట్టే.

* ఫ్లాష్ వేసి చూడండి. బ్యాటరీ మూత గట్టిగా పడుతోందో లేదో చూడండి. ఛార్జర్ అడిగి తీసుకోండి.

మా ఎంపిక ఓ పాత పవర్‌షాట్. రెండు సెల్స్‌తో నడిచేది. మావాడు బేరమాడిన తీరు చూస్తే, నాకే దుకాణదారు మీద జాలేసింది!

బొగ్గు ఊళ్లో జాగ్రత్త

ముందుకు సాగే లెన్స్, వెనక్కి వెళ్తూ దుమ్మును లోపలికి లాక్కుంటుంది. కాబట్టి కెమెరాకు సంచి తప్పనిసరి. లెన్స్ మీది మసిని కండువాతోనో చొక్కా అంచుతోనో తుడవొద్దు. గీతలు పడతాయి. ముందు గాలితో ఊది, తర్వాత మెత్తటి బట్టతో తేలిగ్గా అద్దాలి. అక్కడి ఎండల సంగతి చెప్పక్కర్లేదు. బండి కవర్లోనో, కారు అద్దం కిందో వదిలేస్తే బ్యాటరీ పాడవుతుంది.

తీసేటప్పుడు ముఖం మీద వెలుతురు పడాలి. కిటికీకి వీపు పెట్టించొద్దు, ముఖం తిప్పించండి. ఫ్లాష్ మెరుపు మూడు మీటర్లు దాటితే పెద్దగా అందదు, దగ్గరికి వెళ్లండి. మోచేతులు ఒంటికి ఆనించి, మీటను సగం నొక్కి, ఫోకస్ కుదిరాక పూర్తిగా నొక్కండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. కెమెరా కొన్నంత మాత్రాన ఫొటోలు భద్రం కావు. కార్డూ పాడవుతుంది, కెమెరా కూడా నీళ్లలో పడుతుంది! ఆ రోజు తీసినవి ఆ వారమే కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఇంకో ప్రతి పెన్‌డ్రైవ్‌లోనో, వేరే ఊళ్లోని బంధువుల దగ్గరో ఉండాలి. నచ్చినవి ప్రింట్ వేయించాలి. మావాడి బిడ్డ ఫొటోల్లో ఒక్క పది ప్రింట్ వేయించి ఉన్నా, ఇవాళ వాళ్లింట్లో ఆ బాధ ఉండేది కాదు.

ఇంతకీ పెద్దబాపు ఏమన్నాడు?

సన్మానం రోజున నేనూ వెళ్లాను. శాలువా, పూలదండల ఫొటోలు ఎలాగూ వచ్చాయి. కానీ మావాడు దానికి ముందు రోజే తెల్లవారుజామున లేచి, ఆఖరి మొదటి షిఫ్టుకు బయల్దేరుతున్న తండ్రిని ఇంటి వాకిట్లో ఫొటో తీశాడు. చేతిలో టిఫిన్ డబ్బా, భుజాన తువ్వాలు. చెయ్యి వణికిందేమో, కాస్త మసకగానే వచ్చింది. మొత్తం 104 తీస్తే పనికొచ్చినవి పదిహేను.

ప్రింట్లు చూస్తూ పెద్దబాపు శాలువా ఫొటోలన్నీ పక్కన పెట్టేశాడు. వాకిట్లోది పట్టుకుని, "గిదేందిరా, నేను రోజూ గిట్లనే పోయేటోన్నా?" అన్నాడు. లోపల్నుంచి పెద్దమ్మ... "గట్లనే పోయేటోనివి. నేను సూడలేదా!" అంది. ఇప్పుడా ఫొటో వాళ్లింటి గోడ మీదుంది. ఇంకో ప్రతి నా దగ్గరుంది.

మీ ఇంట్లోనూ వెనక వరసలో సగం ముఖంతో నిలబడిపోయిన మనిషి ఎవరో ఒకరు ఉంటారు. ఈ ఆదివారం పాత ఆల్బమ్ తీసి చూడండి. కెమెరా కొంటారో, చేతిలో ఉన్న ఫోన్‌తోనే కానిస్తారో మీ ఇష్టం. ప్రింట్ మాత్రం వేయించండి!