ఊడ్పులకు ముందే గట్లు ఏరుదాం రండి

మొన్న బోరు కింద ముందుగా దమ్ము చేసిన మళ్ళో ఊడ్పుకు దిగిన ఆడమనిషి అరికాలిని సీసా పెంకు కోసేసింది. బురదలోంచి కాలు పైకి తీసేదాకా ఎంత లోతుగా తెగిందో ఎవరికీ తెలియలేదు. కుట్లు పడ్డాయి. ఏడాది మొత్తంలో నాలుగు రూపాయలు కళ్ళజూసే ఈ రోజుల్లో ఆమె మంచం మీద ఉంది. ఆ సీసా ఎవరు తాగి పారేశారో తెలియదు గానీ, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊరందరికీ తెలుసు. కాలవ గట్టు మీద నుంచి.

కాలవకు నీళ్ళు వదిలే రోజు దగ్గరపడింది. ఈలోపు ఏరితేనే ఏరినట్టు. ఇప్పుడైతే ఎండిన నేల మీద సీసా కంటికి కనిపిస్తుంది, వంగి తీస్తే అయిపోతుంది. నీళ్ళు పెట్టి ట్రాక్టరు దమ్ము చక్రాలు తిరిగాయంటే అదే సీసా ముక్కలై బురద అడుక్కి పోతుంది. ఆ తర్వాత దాన్ని వెతికి పట్టేవి ఊడ్చేవాళ్ళ పాదాలే. చెప్పులేసుకుని దిగమనే పెద్దమనుషులు ఒక్కసారి దమ్ములో నడిచి చూడండి, చెప్పు నిలుస్తుందేమో! గాజు కుళ్ళదు. ఈ ఏడు తప్పించుకున్న పెంకు వచ్చే ఏడు దుక్కిలో మళ్ళీ పైకి లేస్తుంది.

చీకటి పడితే చాలు, గట్టు బారైపోతోంది. క్వార్టరు సీసాలు, నీళ్ళ ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ కవర్లు. తాగిపోయినవాడు సీసాను అలా వదిలేసినా కొంత నయం. తూముకేసి కొట్టి పగలగొట్టి, ఆ చప్పుడుకు నవ్వుకుని మరీ పోతున్నారు. వీళ్ళు పరాయి ఊరివాళ్ళేమీ కాదు. మన కొడుకులు, మన తమ్ముళ్ళు. పొద్దున్నే ఆ గట్టు మీదుగా కూలికి పోయేదీ మన అమ్మలూ అక్కలే. దీన్ని సరదా అని ఇంకెవరైనా అంటే ఆ కుట్లు పడిన కాలిని చూపించండి.

పశువుల సంగతి పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. గేదె నాలుకతో చుట్టి లాక్కుంటుంది, ఏరుకుని తినడం దానికి చేతకాదు. అన్నం మిగిలిన కవరు అన్నంతో సహా మింగుతుంది. అది పెద్ద పొట్టలో ఉండకట్టి కూర్చుంటుంది. గేదె మేత మానేస్తుంది, పాలు తగ్గుతాయి, దిష్టి తగిలిందనుకుంటాం. పుట్టపర్తిలో కరుణా సొసైటీవారు ఆవుల పొట్టలు కోసి ప్లాస్టిక్ తీసీ తీసీ, ఊరుకోలేక 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. మన గేదెల కోసం మనం గట్టు దాకా కూడా వెళ్ళలేమా?

పంచాయతీ పని కదా అంటారు. నిజమే. 2016 నాటి ప్లాస్టిక్ నిబంధనలు పంచాయతీలకూ ఆ బాధ్యత పెట్టాయి. కానీ చెత్తబండి ఇళ్ళ వరుస దాటి రాదు, పొలం గట్టు ఎక్కదు. బండి రావాలని అడుగుతూనే ఉందాం, అది వచ్చేదాకా ఊడ్పులు ఆగవు. ఏరితే మళ్ళీ వేస్తారంటారు. వేస్తే మళ్ళీ ఏరుదాం. కలుపు ఒక్కసారి తీసి చేతులు దులుపుకున్న రైతు ఎవరున్నారు? ఇక ఆ పనికి వేరే మనుషులున్నారనేవాళ్ళు ఒకటి వినండి. ఆ మనుషులంటే మీ మనసులో ఉన్నదెవరో మాకు తెలుసు. మన చెత్త ఎత్తడానికి ఒక కులం పుట్టిందనే మాట ఈ ఊళ్ళో ఇక చెల్లదు. గట్లు ఏరడానికి ఆదివారం బస్తా పట్టుకునే చేతుల్లో అందరి చేతులూ ఉండాలి, ముందు పెద్దరైతులవి.

మన తాతలు పంట బోదె పూడిక తీయడానికి ఏ ఆఫీసరు కోసమూ ఎదురుచూడలేదు. ఇంటికొక మనిషి పలుగూ పారా పట్టుకుని దిగాడు. అంత దూరం ఎందుకు, మన కృష్ణా జిల్లాలోనే చల్లపల్లి ఉంది. డాక్టర్లు డి.ఆర్.కె. ప్రసాద్, పద్మావతి దంపతులు ముందు నిలబడగా 2014 నవంబరులో మొదలైంది ఆ పని. తెల్లవారకముందే లేచి జనం రోడ్లు ఊడ్చారు, చెత్త ఎత్తారు, మొక్కలు నాటారు. ఏళ్ళ తరబడి ఆపలేదు. చీపురు పట్టినవాడు రోడ్డు మీద కవరు పారేయడు, పారేసేవాణ్ణి చూస్తూ ఊరుకోడు. మనకు కావాల్సింది ఆ మార్పే. ఏ జరిమానా బోర్డూ దాన్ని తేలేదు.

ఏరడంతోనే వదిలిపెట్టం. తమిళనాడులోని నీలగిరి జిల్లాలో అడవి జంతువుల కాళ్ళు తెగుతున్నాయని హైకోర్టు గట్టిగా పట్టుకుంటే, 2022 నుంచి మందు సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగి ఇస్తున్నారు. ఏనుగు కాలికి ఉన్న విలువ ఊడ్పు కూలీ కాలికి లేదా? మన బ్రాందీ షాపులోనూ అది పెట్టాల్సిందే. ఆదివారం ఏరిన ప్రతి సీసానూ లెక్కపెట్టి, ఆ లెక్కతో గ్రామసభలో తీర్మానం అడుగుదాం. అమ్మేవాడికి లాభం, తెగేవి మన కాళ్ళా?

ఆదివారం పొద్దున్న ఆరింటికి పంచాయతీ ఆఫీసు దగ్గరకు ఇంటికొకరు రండి. ఖాళీ యూరియా బస్తాలు రెండు తెచ్చుకోండి, ఒకటి ప్లాస్టిక్‌కు, ఒకటి గాజుకు. చేతికి మందపాటి తొడుగు, కాళ్ళకు బూట్లు ఉండాలి. పురుగుమందు డబ్బాలు, సూదులు కనపడితే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, పెద్దవాళ్ళని పిలవండి. పోగుచేసిన దాన్ని అక్కడే తగలబెట్టొద్దు. బస్తాలు మోయడానికి ట్రాక్టరు, ట్రక్కు ఇవ్వగలిగిన రైతులు శనివారం సాయంత్రంలోగా చెప్పండి.

— ఊరి ఊడ్పు కూలీలు, రైతులు, యువకులు