పరుగు పెట్టించేది దేశభక్తా, కరువా?

తెల్లవారుజామున నాలుగు గంటలకు మా వైపు ఏ తండాకైనా వచ్చి చూడండి. నీళ్లు లేక ఎండిన చెరువు కట్ట మీద పిల్లలు పరుగెత్తుతుంటారు. కొందరికి బూట్లుంటాయి, కొందరికి ఉండవు. ఒకడు సెల్‌ఫోన్‌లో టైం చూస్తుంటాడు. 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో దాటితే పూర్తి మార్కులు. వాళ్లలో నా దగ్గర చదివిన పిల్లలూ ఉంటారు. ఎందుకురా ఈ తిప్పలు అంటే, ఆర్మీకి సార్ అంటారు. ఆర్మీనే ఎందుకు అంటే తల దించుకుంటారు. ఒకడు మాత్రం ఉన్న మాట చెప్పాడు: "ఇంకేముంది సార్ ఇక్కడ?"

ఆ ప్రశ్నే నాతో ఈ నాలుగు మాటలు రాయిస్తోంది. సైనికుడి మీద నాకు గౌరవమే తప్ప కోపం లేదు. నా కోపమంతా గతిలేనితనానికి అవకాశమని పేరు పెట్టి, సగం లెక్కే చెప్పి మన పిల్లల్ని సాగనంపుతున్న వాళ్ల మీద. అందులో టీచర్లుగా మనమూ ఉన్నాం.

మన నేల సంగతి కొత్తగా చెప్పాలా? అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదనుకు రాదు. వేరుశనగ వేస్తే ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తుంది. బోరు వేస్తే దుమ్ము లేస్తుంది. కదిరి, గోరంట్ల వైపు తండాల్లో సగం ఇళ్లకు తాళాలు. యాడీ, బాపు బెంగళూరులోనో ముంబయిలోనో కూలికి పోతే, పిల్లలు అవ్వ దగ్గరో హాస్టల్లోనో పెరుగుతారు. ఇట్లాంటి ఇంటికి నెలనెలా జీతం వస్తుందంటే అది చిన్న మాట కాదు. యూనిఫాం వేసుకుని సెలవుకొచ్చిన పిల్లవాణ్ణి, నిన్నటిదాకా గుమ్మం బయట నిలబెట్టినవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఆ మర్యాద విలువ నాకు తెలుసు. ఆ ఆశను వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు.

అయినా కల్లి తండాను తలుచుకోకుండా ఈ మాట ముగించలేం. గోరంట్ల మండలంలోని ఆ తండా బిడ్డ మురళీ నాయక్. తల్లిదండ్రులు ముంబయిలో కూలి చేసుకుని బతికినవాళ్లు. ఒక్కగానొక్క కొడుకు. అగ్నివీర్‌గా చేరి, 2025 మే 9న జమ్మూ కశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో ప్రాణం వదిలాడు. జాతీయ జెండా కప్పుకుని తండాకు చేరాడు. మంత్రులు వచ్చారు, తుపాకులు గాలిలో పేలాయి. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, అయిదెకరాల భూమి, ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. మంచిదే. కానీ అదే ఏడాది ఆ తల్లి బొంబాయి హైకోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. ఎందుకు? రెగ్యులర్ సైనికుడు యుద్ధభూమిలో చనిపోతే అతని కుటుంబానికి చివరి జీతంతో సమానమైన పింఛను వస్తుంది. అగ్నివీర్ చనిపోతే రాదు. 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం ఒక్కసారి ఇచ్చి ఖాతా మూసేస్తారు.

కందకం ఒకటే, చలి ఒకటే, ఎదురుగా వచ్చే గుండు ఒకటే. చావులో తేడా లేనప్పుడు పింఛనులో తేడా ఎక్కడిది? ఇది నా ఒక్కడి గొణుగుడు కాదు. అమరులైన అగ్నివీర్‌ల కుటుంబాలకు కూడా రెగ్యులర్ సైనికుల కుటుంబాలకు ఇచ్చేవన్నీ ఇవ్వాలని పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘమే 2024లో సిఫారసు చేసింది.

ఇక బతికి వచ్చేవాడి లెక్క చూద్దాం. 2022 జూన్‌లో కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల లోపు పిల్లల్ని నాలుగేళ్లకు తీసుకుంటామన్నారు. జీతం మొదటి ఏడు నెలకు 30,000, నాలుగో ఏడు 40,000. అందులో 30 శాతం కోసి సేవా నిధికి వేస్తారు. అంటే మొదటి ఏడు చేతికొచ్చేది 21,000. నాలుగేళ్లకు కోసిన మొత్తం 5 లక్షల 2 వేలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో సుమారు 11 లక్షల 71 వేలు చేతిలో పెట్టి ఇంటికి పంపుతారు. పోస్టర్ల మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె ఇదే. అందులో సగం మన పిల్లవాడి జీతమేనని ఎంతమంది సార్లు బోర్డు మీద లెక్క కట్టి చూపించారు?

ఆ 11 లక్షలను ఖర్చు పెట్టకుండా బ్యాంకులో వేశాడనుకుందాం. ఏడు శాతం వడ్డీకి నెలకు ఏడు వేలు కూడా రావు. అసలు బ్యాంకు దాకా పోతుందా? చెల్లి పెళ్లి, బాపు అప్పు, ఎండిన బోరు పక్కన ఇంకో బోరు... కరువు ఇంటికి డబ్బు వస్తే దారులు ముందే తవ్వి ఉంటాయి.

వందలో 25 మంది వరకే సైన్యంలో ఉంచుకుంటారు. మిగిలిన 75 మందికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఆ హోదాతో వచ్చే వైద్యం, క్యాంటీన్ లేవు. మొదటి బ్యాచ్ శిక్షణ 2023 జనవరిలో మొదలైంది కాబట్టి, 2026 చివరి నుంచి ఆ పిల్లలు తిరిగి రావడం మొదలవుతుంది. కేంద్ర బలగాల్లో కోటా, వయసు సడలింపు ప్రకటించారు. ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం డిగ్రీకి శిక్షణను లెక్కలోకి తీసుకుంటామన్నారు. ఉన్న మేలును దాచను. అయితే కోటా ఉందంటే మళ్లీ పోటీ ఉందనే అర్థం, కొలువు ఖాయమని కాదు.

ఎవరూ చెప్పని లెక్క ఇంకొకటి ఉంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. మనకు రాజ్యాంగం ఇచ్చిన రిజర్వేషన్ సైన్యం భర్తీలో లేదు. కేంద్రం సివిల్ ఉద్యోగాల్లో ఎస్టీలకు 7.5 శాతం, మన రాష్ట్ర ఉద్యోగాల్లో 6 శాతం ఉంది. ఆ సీట్లు అందాలంటే డిగ్రీ, బీఈడీ, నర్సింగ్, పాలిటెక్నిక్ లాంటి చదువులు కావాలి. ఆ చదువు చదవాల్సిన వయసు ఏది? పదిహేడున్నర నుంచి 21. సరిగ్గా ఆ నాలుగేళ్లే సైన్యం అడుగుతోంది. తాతల కాలం నుంచి ఎదురుచూసి సంపాదించుకున్న హక్కును పక్కన పెట్టి, ఆ హక్కే లేని చోట మన పిల్లలు ఊపిరి బిగబట్టి పరుగెత్తుతున్నారు. ఖాకీయే కావాలంటే సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ కానిస్టేబుల్ పరీక్షలున్నాయి. వాటిలో ఎస్టీ కోటా ఉంది, వయసులో అయిదేళ్ల సడలింపు ఉంది, 60 ఏళ్ల దాకా కొలువు ఉంది. ఈ సంగతి ఇంటర్ పిల్లల్లో ఎంతమందికి తెలుసో మీ క్లాసులోనే అడిగి చూడండి.

సైన్యాలకు మన అవసరం కొత్త కాదు. మన పెద్దల లదేణీ బిడార్లు ఉప్పు, ధాన్యం మోస్తూ దక్కనంతా తిరిగాయి. గుత్తి దగ్గర సేవాగఢ్‌లో మనం మొక్కే సేవాలాల్ మహరాజ్‌దీ ఎద్దులు, ఆవుల మందల వెంట సాగిన జీవితమే. 1791-92లో కార్న్‌వాలిస్ టిప్పు మీదికి శ్రీరంగపట్నం వెళ్లినప్పుడు ఇంగ్లీషు సైన్యానికి తిండి మోసినవి లంబాడాల ఎద్దులే. యుద్ధం అయ్యాక? రైళ్లు వచ్చాయి, బిడారు పనికి రాకుండా పోయింది. 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని సవరించి మద్రాసు రాష్ట్రానికీ చాపారు. మన ఎరుకల అన్నదమ్ములతో పాటు ఎన్నో సంచార తెగలను పుట్టుకతోనే దొంగలన్నారు. 1952లో గానీ దేశమంతటా ఆ మచ్చ కాగితం మీద నుంచి పోలేదు. అవసరం ఉన్నప్పుడు భుజం తట్టి, తీరాక మొహం తిప్పుకోవడం మన తాతలు చూసిందే. నాలుగేళ్ల కొలువు అనగానే నాకు ఆ ఎద్దులు గుర్తొస్తాయి.

"కూలికి పోవడం కంటే నయం కదా సార్?" అంటారు. నయమే. బెంగళూరులో సిమెంటు మోయడం కంటే నయమే. కానీ పేదవాడి ముందు ఎప్పుడూ కూలీనే పెట్టి, దానికంటే నయం చూపించి ఒప్పించడం న్యాయమా? పట్నంలో డబ్బున్నవాళ్ల పిల్లవాడికి ఇంజనీరింగు, మెడిసిన్, విదేశం అన్నీ చూపించాక సైన్యం కూడా చూపిస్తారు. వాడు సైన్యం అంటే అది ఎంపిక. మనవాడికి చూపించేది ఒక్కటే. ఒక్కటే దారి ఉన్నచోట పోయినవాడు ఎంచుకున్నాడని ఎట్లా అంటాం? "దేశం కోసం మాట్లాడొద్దంటావా?" అనేవాళ్లూ ఉన్నారు. దేశం కోసం ప్రాణమిచ్చిన బిడ్డ తల్లికి పింఛను అడగడం దేశద్రోహం అయితే, ఆ దేశభక్తి ఎవరి కోసమో వాళ్లే చెప్పాలి.

కాబట్టి నేను సైన్యానికి పోవద్దని చెప్పను. లెక్క తెలుసుకుని పొమ్మంటాను. తమ్ముళ్లారా, పరుగు ఆపకండి, డిగ్రీలో పేరు కూడా ఆపకండి. అకాడమీకి ఫీజు కట్టే ముందు ఆ డబ్బు ఎవరి తాళిబొట్టు కుదువ పెట్టి తెచ్చారో గుర్తుంచుకోండి. సెలెక్ట్ కాకపోతే రెండో దారి ఏదో కాగితం మీద రాసుకోండి. చేరితే, నాలుగేళ్లలో చదవగలిగినదల్లా చదవండి. సేవా నిధి ఎట్లా వాడాలో రాకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడండి.

టీచర్లకు నా మాట కొంచెం గట్టిగానే ఉంటుంది. పది పాసవ్వగానే "నీకు ఆర్మీయే రా" అనడం మార్గదర్శనం కాదు, చేతులు దులుపుకోవడం. జీతం, కోత, పింఛను, రిజర్వేషన్ ఒక్క పీరియడ్‌లో బోర్డు మీద రాయండి. పిల్లలే కూడికలు తీసివేతలు చేస్తారు. తండా పెద్దలు, మన సంఘాలు, మన ఓట్లడిగే నాయకులు కల్లి తండా తల్లి అడిగినదాన్ని తమ డిమాండుగా చేసుకోవాలి: సమానమైన చావుకు సమానమైన పింఛను, నాలుగేళ్లు చేసి వచ్చినవాడికి మాజీ సైనికుడి హోదా. ఆమె ఒక్కతే కోర్టు వరండాలో నిలబడితే మన తలకాయలు ఎందుకు?

రేపు తెల్లవారుజామున కూడా ఆ చెరువు కట్ట మీద పిల్లలు పరుగెత్తుతారు. "ఇంకేముంది సార్ ఇక్కడ?" అన్నవాడు వాళ్లలో ఉంటాడు. వాడికి నేను ఇంకా పూర్తి జవాబు ఇవ్వలేదు. కట్ట కింద చెరువులో నీళ్లు నిలిచే రోజు, తండా పిల్లకు డిగ్రీ కాలేజీకి బస్సు దొరికే రోజు ఆ జవాబు పూర్తవుతుంది. అప్పటిదాకా ఈ సగం జవాబైనా పట్టుకుని రేపు కట్ట మీదికి పోతాను. మీరూ మీ ఊరి కట్ట మీదికి పోండి.