రిజ్యూమ్ అంటే మళ్లీ మొదలుపెట్టడం కాదప్పా!

పల్లె బడిలో మన పిల్లోళ్లకు ఇంగ్లీషు పేరుతో ఏం నేర్పుతాండారు? యాపిల్, బ్యాట్, క్యాట్. అన్నీ వస్తువుల పేర్లే. ఇంక క్రియలంటారా? కమ్, గో, సిట్, స్టాండ్. రా, పో, కూచో, నిలబడు! ఈ నాలుగు మాటలు వినడానికి మనకు ఇంగ్లీషు దేనికి? ఊరి పెద్దకులాలోళ్లు తరతరాలుగా తెలుగులోనే చెప్తాండారు కదా!

మన బతుకును తిప్పే క్రియలు వేరే ఉన్నాయి. అవి తాసిల్దారు ఆఫీసులో, పోలీసు స్టేషన్లో, హైకోర్టులో ఉన్నాయి. అసైన్, ఎవిక్ట్, రిస్టోర్, రిజ్యూమ్, అక్విట్, క్వాష్. ఎవడు ఎవడికి ఏం చేస్తాండాడో క్రియ తెలిస్తేనే తెలిసేది. బాబాసాహెబ్ 1942లో నాగపూర్ సభలో మనకిచ్చిన పిలుపు చూడండి: ఎడ్యుకేట్, ఆజిటేట్, ఆర్గనైజ్. మూడూ క్రియలే!

డీకేటీ పట్టా సంగతే తీసుకుందాం. కళ్యాణదుర్గం, రాయదుర్గం తట్టు మనోళ్లకు దక్కింది గుట్ట వాలులో ఎర్ర గరుసు నేల. వాన రాదు, చెనిక్కాయ ఎండుతుంది, అప్పు తీరదు, బెంగళూరుకు బస్సెక్కుతారు. తిరిగొచ్చేసరికి చేన్లో ఇంకొకడి ట్రాక్టరు. 1977 అసైన్డ్ భూముల చట్టం ఇట్లాంటి బదిలీలు చెల్లవంది. ఆనాడు రాసిన నాలుగో సెక్షన్ ప్రకారం ఆక్రమించినోణ్ని ఎవిక్ట్ చెయ్యాల, అంటే వెళ్లగొట్టాల. భూమిని అసలు పట్టాదారుకో, వారసులకో రిస్టోర్ చెయ్యాల, అంటే నీది నీకు తిరిగివ్వాల. అది కుదరకపోతేనే రిజ్యూమ్. బడి డిక్షనరీలో ఈ మాటకు 'మళ్లీ మొదలుపెట్టు' అని ఉంటుంది. రెవెన్యూ కాగితంలో 'సర్కారు వెనక్కు తీసుకొను' అని అర్థం! గుమాస్తా నోట్లో రెండూ 'స్వాధీనం' అయిపోతాయి. ఒక స్వాధీనంలో చేను నీకొస్తుంది, ఇంకో స్వాధీనంలో పోతుంది.

2007లో చట్టం సవరించి రీఅసైన్ అనే క్రియ చేర్చినారు. ఆ ఏడు జనవరి 29 లోపల కొన్నోడు తానూ భూమిలేని పేదోడైతే అతనికే పట్టా ఇవ్వొచ్చంట. ముందు తగిలించిన 'రీ' అనే ఒక్క అక్షరం చూడండి ఎంత పని చేసిందో! 2023 సవరణ ఇరవై ఏళ్లు నిండిన పట్టాలకు అమ్మకం దారి తెరిచింది. ఇంక దళారుల నోట ట్రాన్స్‌ఫర్ అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో చెప్పాల్నా?

1989 అట్రాసిటీ చట్టం మూడో సెక్షనూ అంతే. ఇన్సల్ట్, ఇంటిమిడేట్, హ్యుమిలియేట్, డిస్పొజెస్. స్టేషన్లో ఉత్తగా 'తిట్టినాడు' అని రాయిస్తే మామూలు తగాదా అంటారు. హ్యుమిలియేట్ అంటే కావాలని మనిషిని కించపరచడం. అది తెలిసినోడు ఎవరు చూస్తుండగా అన్నాడో, ఏ మాట అన్నాడో తెలుగులోనే విడమరిచి రాయిస్తాడు.

2019లో జీవో 81 ఇచ్చి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు తెలుగుకు గండమని పెద్దమనుషులు శోకాలు పెట్టినారు. అయ్యా, మీ మనవలు ఏ బడికి పోతాండారు? 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవో కొట్టేసింది. ఆ తీర్పు ఏ భాషలో ఉందో తెలుసునా? ఇంగ్లీషులో! అట్లని బడి బోర్డు మార్చి యాపిల్ దగ్గరే ఆగిపోయే సర్కారునూ మనం నమ్మాల్సిన పని లేదు.

సంఘం కార్యకర్తలారా, వచ్చే మీటింగుకు పాత పట్టాలు, నోటీసులు, ఎఫ్ఐఆర్ కాపీలు తెప్పించండి. వాటిలో, వాటి చట్టాల్లో ఉన్న క్రియలు ఏరి పేట గోడ మీద తెలుగు లిపిలో అర్థంతో రాయించండి. నోటీసు ఇంటికొస్తే వేలిముద్ర వేసే ముందు పదో తరగతి పిల్లతో చదివించండి. అందులో రిస్టోర్ అని ఉందా, రిజ్యూమ్ అని ఉందా?