రసీదు సరే, లెక్కేదీ?

నెలలో మొదటి ఆదివారం పొద్దున్నే కాలింగ్‌ బెల్‌ మోగిందంటే వచ్చిందెవరో మా ఇంట్లో అందరికీ తెలుసు. చేతిలో రసీదు పుస్తకం, భుజాన గుడ్డ సంచీ, ముఖాన అలసిపోయిన నవ్వు. ఊరి చివర అనాథ పిల్లల కోసం నడిపే ఓ హాస్టల్‌ తరఫున వస్తారాయన. అమ్మ తన ఫ్యామిలీ పెన్షన్‌లోంచి 500 తీసి, కళ్లకద్దుకుని మరీ ఇస్తుంది. నాలుగేళ్లుగా ఇదే వరుస.

ఆమధ్య ఓ ఆదివారం తలుపు నేను తీశాను. వృత్తి లక్షణం ఊరుకోదు కదా! "బాబాయిగారూ, పోయినేడాది మీ సంస్థకి ఎంత వచ్చింది, దేనికెంత ఖర్చయింది? ఆడిట్‌ కాగితం ఉంటే ఈసారి వచ్చేటప్పుడు తెస్తారా?" అని అడిగాను. ఆయన ముఖం చిన్నబోయింది. "అమ్మగారు ఏనాడూ అడగలేదమ్మా" అని, ఆ నెల డబ్బు తీసుకోకుండానే మెట్లు దిగిపోయారు.

అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం, "ఇచ్చాక లెక్కలడిగితే అది దానమెలా అవుతుందే? రేపట్నుంచి ఆయన రాకపోతే, అక్కడ తగ్గేది నీ కంచంలో కూడు కాదు" అంది. సమాధానం దొరకలేదు నాకు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు మరి.

కానీ ఒకటి. తిరుమల శ్రీవారి హుండీలో నిన్న ఎంత పడిందో మనం రోజూ పేపర్లో చదువుతాం. ఎందరు దర్శనం చేసుకున్నారో, ఎందరు తలనీలాలిచ్చారో దాని పక్కనే ఉంటుంది. 2022 నవంబరులో టీటీడీ ఏకంగా శ్వేతపత్రమే విడుదల చేసింది. బ్యాంకుల్లో దాదాపు 15,900 కోట్ల రూపాయల డిపాజిట్లు, పది టన్నులకు పైగా బంగారం ఉన్నాయని లోకానికి చెప్పింది. దాంతో ఆ దేవుడి మీద ఎవరికైనా భక్తి తగ్గిందా?

అమెరికాలో పన్ను మినహాయింపు పొందే సేవాసంస్థలు ఏటా 990 అనే ఫారం దాఖలు చేస్తాయి. చర్చిల వంటివాటికి మాత్రం ఆ బాధ లేదు. సంస్థ ముఖ్యులు ఎంత జీతం తీసుకున్నారో అందులో రాయాలి. అడిగినవాళ్లకు మూడేళ్ల ఫారాలు చూపించాలి. అక్కడి మన తెలుగు సంఘాలకూ ఇదే నియమం. అయినా ఆ దేశంలో మోసాలు లేవని కాదు. యునైటెడ్‌ వే అనే పెద్ద సంస్థను 22 ఏళ్లు నడిపిన విలియం ఆరమొనీ, విరాళాల సొమ్ముతో విలాసాలు చేశారని బయటపడి 1992లో తప్పుకున్నారు. 1995లో కోర్టు ఏడేళ్ల జైలు వేసింది.

మన దగ్గర ఆదాయం ఓ పరిమితి దాటిన సంస్థలు ఆడిట్‌ చేయించి ఆదాయపన్ను శాఖకు నివేదిక ఇస్తాయి. అది ఆఫీసు ఫైల్లోకి పోతుంది తప్ప, 500 ఇచ్చిన అమ్మ దాకా రాదు. ప్రభుత్వ సొమ్ముతో ప్రధానంగా నడిచే సంస్థలు సమాచార హక్కు చట్టం కిందకి వస్తాయని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. మరి చందాలతోనే నడిచే చిన్న హాస్టళ్లు? వాటి సంగతి వాటి పెద్దల దయ.

పెద్దల ఆస్తుల కథ మరీ విచిత్రం. ప్రభుత్వం నుంచి ఏడాదికి కోటికి మించి గానీ, విదేశాల నుంచి పది లక్షలకు మించి గానీ తీసుకునే సంస్థల నిర్వాహకులు తమ ఆస్తులు, భార్య లేదా భర్త, పిల్లల ఆస్తులు కూడా ప్రకటించాలని 2016లో లోక్‌పాల్‌ చట్టం కింద గడువు పెట్టారు. జూలై 31 ఆఖరు తేదీ. ఆ తేదీ రాకుండానే పార్లమెంటు చట్టాన్ని సవరించేసింది. విదేశీ విరాళాల విషయంలోనూ అంతే. వచ్చిన సొమ్ము వివరాలు మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టాలన్న నిబంధనను 2022 జూలైలో తీసేశారు. అదే నెలలో, హోం శాఖ వెబ్‌సైట్‌లో సంస్థల వార్షిక లెక్కలు జనం చూసే వీలు కూడా పోయింది. తలుపులు తెరుస్తారనుకుంటే కిటికీలు కూడా వేసేశారన్నమాట!

అలాగని అందరినీ ఒకే గాటన కట్టలేం. రాజస్థాన్‌లో అరుణా రాయ్‌, నిఖిల్‌ డే, శంకర్‌ సింగ్‌ మొదలుపెట్టిన మజ్దూర్‌ కిసాన్‌ శక్తి సంఘటన్‌ 1994లో ఊరి మధ్య షామియానా వేసి పంచాయతీ పనుల బిల్లులు బిగ్గరగా చదివించింది. "మా డబ్బు, మా లెక్క" అన్నది వాళ్ల నినాదం. సర్కారును లెక్క అడిగేవాళ్లు తమ లెక్క దాచుకుంటే ఎవరు నమ్ముతారు? వాళ్లు దాచుకోలేదు. కూలీలకిచ్చే కనీస వేతనమే తామూ తీసుకున్నారు. ఆ బాటలోనే 2006 నుంచి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. ఊరి సభలో దొంగ మస్టర్లు చదివి వినిపిస్తుంటే మేట్ల మొహాలు ఎలా మారాయో చూసినవాళ్లకి ఎరుకే.

సరే, మా ఇంటి కథకొస్తా. తర్వాతి నెల బెల్లు మోగలేదు. అమ్మ రెండుమూడుసార్లు తలుపు వైపు చూసింది. నాకు ముద్ద దిగలేదు. రెండో ఆదివారం అమ్మే చీర మార్చుకుని, "పద, మనమే వెళ్దాం" అంది.

హాస్టల్‌ శుభ్రంగానే ఉంది. పిల్లలు వరండాలో హోంవర్క్‌ చేసుకుంటున్నారు. కార్యదర్శిగారు బీరువా తాళాల కోసం చాలాసేపు వెతికి, రెండేళ్ల కిందటి ఆడిట్‌ కాగితం ఒకటి తీశారు. బియ్యం, పప్పు, కరెంటు, వంటమనిషి జీతం... అన్నిటికంటే పెద్ద అంకె 'ఇతర ఖర్చులు' అన్నచోట ఉంది. నేను నోరు తెరిచేలోపే అమ్మ కళ్లజోడు సవరించుకుని, "ఇతర ఖర్చులంటే ఏమిటి బాబూ?" అని మెల్లగా అడిగింది. ఆయన అకౌంటెంటు ఊళ్లో లేడన్నారు. వచ్చే ఆదివారం రమ్మన్నారు.

వస్తూ వస్తూ అమ్మ పిల్లలకు రెండు డజన్ల అరటిపళ్లు కొనిచ్చింది. రెండు నెలల వెయ్యి రూపాయలు మాత్రం కవర్లో పెట్టి దేవుడి గూట్లో ఉంచింది. ఆదివారం మళ్లీ వెళ్తున్నాం.