కొలిమి ఆర్పేసి ఉంటే...

జర్మనీ అనగానే బెంజ్ కారు, బాష్ వాషింగ్ మెషీన్ గుర్తొస్తాయి. ఆ దేశాన్ని గొర్రెలు మేపుకునే నేలగా మార్చాలని ఒకప్పుడు సంతకాలు కూడా అయ్యాయంటే నమ్ముతారా?

1944 సెప్టెంబరులో కెనడాలోని క్విబెక్‌లో రూజ్‌వెల్ట్, చర్చిల్ కలిశారు. రూర్ లోయలోని ఫ్యాక్టరీలు పీకేయాలి, గనులు పాడుపెట్టాలి, దేశాన్ని ముక్కలు చేయాలి... ఇదీ అమెరికా ఆర్థికమంత్రి హెన్రీ మోర్గెంథా సలహా. ఆయన స్వతహాగా ఆపిల్ తోటల రైతు లెండి! కొలిమే లేకపోతే కత్తి ఎక్కణ్నుంచి వస్తుందన్నది ఆయన లెక్క. రెండు మహాయుద్ధాలు చూసినవాళ్లకు అది మరీ అన్యాయంగా తోచలేదు. నేతలిద్దరూ పొట్టి సంతకాలు చేసేశారు. సంగతి పత్రికలకు పొక్కింది. గోబెల్స్ ప్రచారానికి పండగే పండగ. దాంతో రూజ్‌వెల్ట్ వెనక్కి తగ్గారు. అయినా ఆ ఆలోచన ఛాయలు, ఉక్కు ఉత్పత్తిపై ఆంక్షలు యుద్ధం ముగిశాకా కొన్నాళ్లు ఉన్నాయి.

పూర్తిగా అమలై ఉంటే? 1947లో జర్మనీ వెళ్లొచ్చిన మాజీ అధ్యక్షుడు హూవర్ తేల్చి చెప్పారు: అది కుదరాలంటే రెండున్నర కోట్ల మందిని చంపేయాలి, లేదా దేశం దాటించాలి! అంటే ఏళ్ల తరబడి ఆకలి, వలసలు, ముక్కల మధ్య తగవులు. జర్మనీతో వ్యాపారం మీద బతికే హాలెండు లాంటి ఇరుగుపొరుగులూ కుంటుతూనే ఉండేవి. 1951లో బొగ్గు, ఉక్కు కోసం ఆరు దేశాలు చేతులు కలిపాయి చూడండి, నేటి ఐరోపా సమాఖ్యకు పునాది అదే. ఆ పునాదీ పడేది కాదు.

మనకేంటంటారా? 1959లో మద్రాసు ఐఐటీ మొదలైంది పశ్చిమ జర్మనీ సాయంతోనే. అక్కడ చదివిన తెలుగు పిల్లలెందరో మరి ఎక్కడ చదివేవారో!