డ్రైవర్ తప్పేం లేదు

గాజువాకలో మావయ్య కొట్టు బాకీల లెక్కలన్నీ ఓ విండోస్ 98 పీసీలోనే. మొన్న ఆన్ చేస్తే నల్ల తెర మీద హిమెమ్.సిస్ ఎర్రర్: మెమరీని నమ్మలేమట!

"ఏటైందిరా దీనికి?" మావయ్య కంగారు.

హిమెమ్.సిస్ అంటే 1 ఎంబీ దాటిన మెమరీని వాడుకోనిచ్చే డ్రైవర్. స్టార్టప్‌లో ర్యామ్‌ని పరీక్షిస్తుంది కూడా. కాన్ఫిగ్.సిస్‌లో టెస్ట్‌మెమ్:ఆఫ్ అని రాస్తే ఆ పరీక్ష ఆగుతుంది, రోగం మాత్రం అలాగే ఉంటుంది. లెక్కలే తారుమారు కావొచ్చు. సిగ్గు విడిచి చెప్తున్నా, నేనూ ముందు అదే టైప్ చేయబోయా.

ప్లగ్ పీకి ర్యామ్ స్టిక్కులు తీస్తే కాంటాక్టులు నల్లగా ఉన్నాయి. మన వైజాగ్ ఉప్పుగాలి మరి! పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, తుడిచి, ఒక్కోటే పెట్టి చూశా. రెండోదానికి మళ్లీ అదే ఎర్రర్. దాన్ని పక్కన పడేసి, ముందు బాకీల ఫైలు ఫ్లాపీలోకి కాపీ చేశాం.

మావయ్య వెంటనే లిస్టు చదవడం మొదలెట్టాడు. మూడో పేరు మా నాన్నదే.