పట్టపగలే చుక్కలు... అద్దెకు!

ఎవరినైనా బెదిరించాలంటే పట్టపగలే చుక్కలు చూపిస్తామనడం తెలుగునాట పరిపాటి. ఇప్పుడా మాట అక్షరాలా నిజమయ్యే వీలు కలిగింది. జూన్ మాసంలో ఒంగోలులోనో, ఆదిలాబాద్‌లోనో మధ్యాహ్నం రెండు గంటలు కొట్టేసరికి ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ కొండపై పూర్తిగా చీకటి పడుతుంది. అక్కడ అద్దెకు లభించే దూరదర్శినులకు ఇక్కడి కంప్యూటరు నుంచి ఆదేశాలు పంపి, బడి వదిలేలోగా నీహారికల ఛాయాచిత్రాలను తెప్పించుకోవచ్చు. ఇరవై ఏళ్లకు పైగా పాశ్చాత్య దేశాల ఔత్సాహికులు వినియోగించుకుంటున్న ఈ సదుపాయం మన జిల్లాల పాఠశాలలకు ఎందుకు చేరలేదన్నది ఆలోచించదగిన విషయం.

స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లోని టెయిడే పర్వతం నుంచి స్లూ సంస్థ 2003లో ఇంటర్నెట్ ద్వారా ఆకాశ ప్రసారాలను ప్రారంభించింది. ఐటెలిస్కోప్, టెలిస్కోప్ లైవ్ వంటి సంస్థలు చిలీ, స్పెయిన్, ఆస్ట్రేలియా తదితర ప్రాంతాల్లో పరికరాలను నెలకొల్పి నిమిషాల లెక్కన అద్దెకిస్తున్నాయి. చిన్న కటకాలు మొదలుకొని అర మీటరు దాటిన దర్పణాల వరకు వీటిలో ఉన్నాయి. అంతటి పరికరాన్ని సొంతంగా కొనాలంటే మధ్యతరగతి కుటుంబం ఇల్లు తాకట్టు పెట్టాల్సిందే. కొన్నా దాన్ని ఏ డాబాపై నిలబెట్టి ఏ ఆకాశాన్ని చూడాలన్నది మరో ప్రశ్న.

మీట నొక్కితే వచ్చే బొమ్మ కాదు

ఈ విధానంపై ఒక అపోహ బలంగా ఉంది. డబ్బు కడితే రంగురంగుల చిత్రం వచ్చేస్తుందని చాలామంది భావిస్తారు. వాస్తవంలో వచ్చేది నలుపు తెలుపుల్లో, చూడటానికి దాదాపు ఖాళీగా కనిపించే ముడి దత్తాంశం. వినియోగదారు ముందుగా లక్ష్యాన్ని ఎంచుకోవాలి. ఆ రాత్రి అది ఎంత ఎత్తుకు వస్తుందో, చంద్రుడు ఎక్కడుంటాడో లెక్కచూసుకోవాలి. ఎన్ని నిమిషాలపాటు కాంతిని సేకరించాలో, ఏ వడపోత ఫలకం గుండా సేకరించాలో నిర్ణయించాలి. నిర్ణీత సమయానికి దూరదర్శిని తనంతట తానే తిరిగి, ఒక నమూనా చిత్రం తీసి, అందులోని నక్షత్రాలను పట్టికతో సరిపోల్చి తన గురిని సవరించుకుంటుంది. గాలి, తేమ, మబ్బులను కనిపెట్టే పరికరాలు హెచ్చరిస్తే పైకప్పు మూసుకుంటుంది. వెన్నెల రాత్రుల్లో అద్దె తగ్గించే సంస్థలూ ఉన్నాయి. ఈ బేరం మన సంతల్లో సాయంకాలపు కూరగాయల బేరంలాంటిదే.

అసలు శ్రమ ఆ తర్వాతే. ఐదేసి నిమిషాల చిత్రాలను పదులకొద్దీ ఒకదానిపై ఒకటి పేర్చాలి. కెమెరా స్వయంగా పుట్టించే విద్యుత్ రొదను, వడపోతలపై, కెమెరా గాజుపై పడిన ధూళి నీడలను తొలగించాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల్లో విడివిడిగా తీసిన వాటిని కలిపితే రంగు వస్తుంది. హైడ్రోజన్ వెలువరించే ఒక్క ఎర్రటి కాంతిని మాత్రమే పట్టే వడపోతలూ ఉన్నాయి. ఒక రాత్రి పరిశీలనకు వారం రోజుల లెక్కలు చేయాల్సి రావడం మామూలే. పదో తరగతి భౌతికశాస్త్రంలోని కాంతి పాఠం ఇంతకన్నా నేరుగా చేతికందే మార్గం మరొకటి ఉందా అన్నది సందేహమే.

దీన్ని వినోదంగా కొట్టిపారేయడానికీ వీల్లేదు. 2010 డిసెంబరులో మాస్కో సమీపాన ఉన్న లియోనిడ్ ఎలెనిన్ అమెరికాలోని న్యూమెక్సికోలో ఉన్న 45 సెంటీమీటర్ల దూరదర్శినిని దూరం నుంచే నడిపి ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. నాలుగేసి నిమిషాల నాలుగు చిత్రాలు అందుకు చాలాయి. ఆ తోకచుక్కకు ఆయన పేరే వచ్చింది.

హైదరాబాద్ నాటి సంగతి

ఆకాశాన్ని ఛాయాచిత్రాల్లో బంధించడం తెలుగు గడ్డకు కొత్త కాదు. నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లో స్థాపించిన వేధశాల, ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వ ఆధీనంలోకి వెళ్లి నిజామియా వేధశాలగా పేరొందింది. ప్రపంచ వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని ఛాయాచిత్ర పట్టిక తయారుచేసే బృహత్కార్యంలో దక్షిణాకాశంలోని ఒక మండలం బేగంపేటకు దక్కింది. గాజు పలకలపై తీసిన ఆ చిత్రాల్లోని లక్షలాది నక్షత్రాల స్థానాలను ఇక్కడి సిబ్బంది చేత్తో కొలిచి నమోదు చేశారు. అక్కడి ఉద్యోగి కుమారుడైన వేణు బప్పు అనంతర కాలంలో దేశ ఖగోళశాస్త్రానికి దిశానిర్దేశం చేశారు. అదే బేగంపేటలో నేడు రాత్రివేళ తలెత్తితే లెక్కపెట్టగలిగినన్ని చుక్కలే కనిపిస్తాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో నగరానికి దూరంగా జాపాల్-రంగాపూర్ వద్ద 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పింది. నగరపు వెలుగు అక్కడికీ వెంబడించింది.

దూరం నుంచి దూరదర్శినిని నడపడంలో దేశానికి సొంత అనుభవమూ ఉంది. లద్దాఖ్‌లోని హాన్లే వద్ద సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర దూరదర్శినిని బెంగళూరు సమీపంలోని హోస్కోటె కేంద్రం నుంచి ఉపగ్రహ అనుసంధానంతో శాస్త్రవేత్తలు నడుపుతున్నారు. అయితే అది పరిశోధకుల కోసం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల విద్యార్థికి అందులో సమయం దొరకదు.

చీకటి ఖరీదైన సరుకు

అద్దె దూరదర్శినుల గిరాకీ వెనుక మింగుడుపడని నిజం ఒకటుంది. ఈ సంస్థలు అమ్ముతున్నది అద్దాలకన్నా చీకటినే. మానవాళిలో మూడింట ఒక వంతుకు పైగా జనాభాకు తమ ఇళ్ల నుంచి పాలపుంత కనిపించడం లేదని 2016లో ప్రచురితమైన ప్రపంచ పటం తేల్చింది. 2011 నుంచి 2022 వరకు సాధారణ పౌరులు నమోదుచేసిన పరిశీలనలను క్రోడీకరించిన మరో అధ్యయనం, ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోందని 2023లో వెల్లడించింది. అంటే ఎనిమిదేళ్లు నిండకముందే రెట్టింపు అన్నమాట. ఎల్‌ఈడీ దీపాల్లోని నీలి కాంతిని అనేక ఉపగ్రహాలు గుర్తించలేనందున ఈ పెరుగుదల చాలాకాలం లెక్కకు రాలేదు. 2014లో హుద్‌హుద్ తుపాను అనంతరం విశాఖలో వీధిదీపాలన్నిటినీ ఎల్‌ఈడీలుగా మార్చారు. విద్యుత్ ఆదా అయిన మాట వాస్తవం. దీపానికి పైన మూత ఉందా, వెలుగు నేలపైనే పడుతోందా అన్న ప్రశ్న మాత్రం మన పురపాలక సంఘాల టెండర్లలో అరుదుగా కనిపిస్తుంది.

హాన్లే పరిసరాలను 2022లో చీకటి ఆకాశ అభయారణ్యంగా ప్రకటించినప్పుడు కిటికీలకు తెరలు, దీపాలకు మూతలు వేసే బాధ్యతను గ్రామస్థులే తీసుకున్నారు. వారిలో కొందరికి దూరదర్శినులు ఇచ్చి పర్యాటకులకు ఆకాశం చూపించే శిక్షణ ఇచ్చారు. నల్లమల అంచు గ్రామాల్లో, శ్రీశైలం దారిలో ఇటువంటి ప్రయత్నం సాధ్యం కాదని ఎవరూ తేల్చలేదు.

ఎడారి కొండల్లోనూ చీకటి క్షేమంగా లేదు. 2019 మే మాసంలో స్టార్‌లింక్ తొలి విడతగా 60 ఉపగ్రహాలను పంపింది. ఇప్పుడవి వేల సంఖ్యకు చేరాయి. దీర్ఘ వ్యవధి చిత్రాల్లో వాటి గీతలు పడుతున్నాయి. అనేక చిత్రాలను పేర్చేటప్పుడు గీతలను తుడిచేయవచ్చు గానీ, చిన్న గ్రహశకలాన్ని వెదికేవారికి ఆ వెసులుబాటు అన్నివేళలా ఉండదు.

అద్దె యంత్రం తీసిన చిత్రం ఎవరిదన్న వాదన కూడా ఉంది. చలిలో నిలబడి సొంత పరికరంతో తీసినవారు దీన్ని అంగీకరించరు. గ్రీనిచ్ రాయల్ అబ్జర్వేటరీ పోటీలో కొన్నేళ్లపాటు ఇలాంటి చిత్రాలకు వేరుగా బహుమతి ఇచ్చారు. ఆ పద్ధతి సమంజసంగానే ఉంది. పల్లె పాఠశాలకు మాత్రం ఈ తగవుతో నిమిత్తం లేదు.

జిల్లాకు ఒక ఖాతా చాలు

డాలర్లలో చందా ఒక్కో పాఠశాలకు భారమే. జిల్లా విద్యాశిక్షణ సంస్థ పేరిట ఒకే ఖాతా తెరిచి పాఠశాలలకు వంతులవారీగా సమయం కేటాయిస్తే ఆ భారం తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఉన్నత పాఠశాలలకు అందిన ఇంటరాక్టివ్ ప్యానెళ్లకు ఇంతకుమించిన వినియోగం ఏముంటుంది? పైసా ఖర్చు లేని దారులూ ఉన్నాయి. హార్వర్డ్-స్మిత్‌సోనియన్ కేంద్రం నిర్వహించే మైక్రోఅబ్జర్వేటరీ చిన్న దూరదర్శినులతో కోరిన చిత్రం తీసి ఈమెయిల్‌కు పంపుతుంది. అమెరికా నుంచి నడిచే అంతర్జాతీయ ఖగోళ అన్వేషణ సహకార కార్యక్రమంలో విద్యార్థులు నిజమైన దత్తాంశంలో గ్రహశకలాలను వెదకవచ్చు.

కృత్తికలను పిల్లలకోడి అని పిలుచుకునే పల్లెల విద్యార్థులకు దక్షిణాకాశం మరో లోకం. పెద్ద మెజలానిక్ మేఘం విజయవాడ నుంచి దిగంతానికి నాలుగైదు డిగ్రీలకు మించి లేవదు. పొగమంచులో, ఇళ్ల వెనుక అది కనిపించే ప్రశ్నే లేదు. సైడింగ్ స్ప్రింగ్‌లో అది ఆకాశంలో బాగా పైకి వస్తుంది.

కాలపట్టిక కూడా కలిసివస్తోంది. పాఠశాలలు తెరిచే జూన్ నుంచి సెప్టెంబరు వరకు మనకు వర్షాకాలం, ఆకాశం మబ్బుల పాలు. ఆస్ట్రేలియాకు అది శీతకాలం, సుదీర్ఘ రాత్రులు. డిసెంబరులో అక్కడ పూర్తి చీకటి పడేసరికి మనకు సాయంత్రం నాలుగు దాటుతుంది, చివరి గంట కొట్టేస్తారు. ఆ మాసాల్లో చిలీని ఎంచుకుంటే సరి. అక్కడి రాత్రి మనకు ఉదయం ఏడు ప్రాంతంలో మొదలై మధ్యాహ్న భోజనం గంట వరకు ఉంటుంది.